మూడోసారి అన్నదే రాయాలె

నేను చేసిన కొలువు ఏమిటో చెబితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. ఒకరన్న మాటను ఇంకొకరికి చెప్పడం, అంతే. "దానికి గూడ జీతమిచ్చేటోళ్లా తాతా?" అని అడుగుతారు. ఇచ్చేవారు బిడ్డల్లారా, వేళకే ఇచ్చేవారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. కచేరీకి ఈడ్చుకొచ్చే మనుషుల భాష తెలుగు. ఆ రెండింటి నడుమ నిలబడి అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసేవాడు తర్జుమా మున్షీ. సుబేదారి దిక్కున ఒక అదాలత్‌లో, అంటే కోర్టులో, నేను ఆ పనే చేశాను. ఎన్నో కేసులు చూశాను, చాలా మరిచిపోయాను. ఒక్కటి మాత్రం పోలేదు. తలుచుకున్నప్పుడల్లా మొదటిసారి విన్నట్టే నిర్ఘాంతపోతాను. మీలో ఎవరైనా రేపు ఇంకొకరి మాట మోసే కుర్చీలో కూర్చోవచ్చు కాబట్టి ఇది మీకు చెప్పాలనిపించింది.

మాది వరంగల్లులో మట్టెవాడ. మా నాయనకు కిరాణా దుకాణం ఉండేది. నన్ను గల్లా దగ్గర కూర్చోబెడితే పప్పు తూకం గాలికి వదిలేసి, వచ్చినవాళ్లు చెప్పే ముచ్చట్లు నోరు తెరుచుకొని వినేవాణ్ణి. "వీడు దుకాణం ముంచుతడు" అని మా నాయన తల పట్టుకుంటే, మా గల్లీ చివర ఉండే పెద్దమున్షీ గారు నన్ను తన వెంట కచేరీకి తీసుకుపోయారు. వరసకు ఏమీ కాకపోయినా ఆయన్ను కాకా అని పిలిచేవాణ్ణి. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఇస్త్రీ చెడని షేర్వాణీలో ఉండేవారు. కోపం లేదు, కక్ష లేదు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు తన కూజాలోని నీళ్లు తానే వంచి ఇచ్చేవారు. అంత మంచి మనిషి అని ముందే చెబుతున్నాను, ఎందుకంటే చివరిదాకా మీకది గుర్తుండాలి.

పనిలో చేరిన మొదటి రోజే ఆయన నాకు ఒక సూత్రం చెప్పారు.

"చూడు బిడ్డా, పల్లెటూరోడు కచేరీ మెట్లెక్కంగనే 'తప్పైంది దొరా' అంటడు. గది వాని సలాం. మనం జర గట్టిగ అడిగితే మల్లొకసారి అంటడు. గది వాని భయం. తొందరపడకు. మంచినీళ్లియ్యి, ఊరిపేరడుగు, మెల్లగ మూడోసారి అడుగు. అప్పుడు ఏమంటడో అదే వాని మాట. మూడోసారి అన్నదే రాయాలె."

ఇదెంత గొప్ప సూత్రమో ఆ కాలం చూసినవాళ్లకే తెలుస్తుంది. దొరల గడీల ముందు వంగి వంగి బతికిన జనం. మేక తప్పిపోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా ముందు "తప్పైంది బాంచన్" అనేవాడు. ఇంకో అదాలత్‌లో ఒక కుర్ర మున్షీ, సాక్షిగా వచ్చిన మనిషి అన్న మొదటి "తప్పైంది"నే రాసిపారేసి, సాయంత్రానికి సాక్షిని ముద్దాయిని చేసి కూర్చోబెట్టాడు. మా దగ్గర అలాంటిది జరగలేదు. కాకా మూడుసార్లు అడిగేవారు, నేనూ మూడుసార్లు అడిగేవాణ్ణి. ఆ సూత్రం వల్ల ఎంతమంది ఇంటికి పోయారో లెక్క లేదు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మాకు కొత్త జడ్జి సాబ్ వచ్చారు. మనిషి పొట్టి, మాట గట్టి. ఎక్కడో దక్షిణాదిన క్రైస్తవ ఫాదర్ల దగ్గర చదువుకున్నారట. ఆ ఫాదర్లు ఆయనకు లాటిన్ నేర్పారు. ఆ చదువు ఆయన్ను వదల్లేదు, ఆయన దాన్ని వదల్లేదు. తప్పుకు లాటిన్‌లో ఎన్ని పేర్లున్నాయో చెప్పడం మొదలుపెడితే చాయ్ చల్లారేది, చాయ్‌తోపాటు మేమూ చల్లారేవాళ్లం. వకీళ్లు వెనక "లాటిన్ సాబ్" అని నవ్వుకునేవారు. ఆయన ఉర్దూలో అన్నవన్నీ నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మున్షీ సాబ్, కావాలని చేసిన చెడు ఉంది చూశారూ, దాని వెనకున్న బుద్ధి దోలుస్. కావాలని కాదు, ఏమరుపాటుతో జరిగిందనుకోండి, అది కుల్పా. ఎవరి చేతిలోనూ లేక, రాత బాగాలేక జరిగింది కాసుస్. మనిషి చచ్చింది ఒక్క తీరుగానే. కానీ ఈ మూడింటికీ నడుమ ఎంత దూరం! ఒకడికి ఉరితాడు, ఒకడికి జైలు, ఒకడికి ఇల్లు."

ఇంకోరోజు పెక్కాటుమ్ అన్నారు. కాలు తడబడటం దగ్గర మొదలైన మాట అని కొందరు పండితులంటారట. ఫాదర్ల నోట్లో పడి పాపం అయింది. డెలిక్టుమ్ అంటే చేయాల్సిన పని వదిలేయడం. స్కెలుస్ అంటే వింటేనే ఒళ్లు జలదరించే ఘోరం. క్రీమెన్ కథ నాకు మరీ నచ్చింది. మొదట్లో ఆ మాటకు నింద అనే అర్థమట, అంటే ఒకడి మీద మోపిన మాట. పోనుపోను మోపినదానికీ చేసినదానికీ అదే పేరు నిలిచిపోయిందట.

"మా దగ్గర కూడా అంతే సాబ్, మోపినోళ్ల నోరు పెద్దదైతే చేసినట్టే లెక్క" అన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు.

ఆఖరుకు నేఫాస్ అని ఒకటి చెప్పారు. దేవుడి ముందు కూడా నోట అనరానిదట. "ఇన్నేళ్ల కొలువులో ఆ మాటతో నాకు పని పడలేదు. పడొద్దు కూడా" అన్నారు.

ఇదంతా కాకాకు చెబితే ఆయన మీసం తిప్పుకున్నారు. అప్పటికి పింఛనీ తీసుకొని ఇంటి అరుగు మీదే కాలం గడుపుతున్నారు. "తప్పుకు గిన్ని పేర్లు వెట్టుకున్నరంటె, గా దేశంల జనం ఎంత తీరికున్నోళ్లో! మనకు తప్పు, నేరం, పాపం చాలవా?" అన్నారు. నేను కూడా నవ్వాను. అప్పుడు నాకూ అవి చాలనే అనిపించింది.

ఇక కేసుకు వస్తాను.

పరకాల దిక్కు ఒక ఊళ్లో ఎండాకాలం బావి అడుగంటితే, ఒక రైతూ అతని బామ్మర్దీ కలిసి దాన్ని ఇంకా లోతు తవ్వుతున్నారు. బామ్మర్ది లోపల గడ్డపారతో రాయి పగలగొట్టి తట్టకెత్తుతాడు. బావ పైన ఎడ్లను తోలుతూ మోకుతో ఆ తట్టను పైకి లాగుతాడు. ఒక పొద్దున రాళ్ల తట్ట లోపలి మనిషి నెత్తిన పడింది. పెళ్లి కూడా కాని పిల్లాడు, అక్కడికక్కడే పోయాడు. ఆ ముందువారమే బావా బామ్మర్దులిద్దరూ నీళ్ల వంతు గురించి ఊరంతా వినేలా కొట్లాడుకున్నారు. అందుకని అమీన్ సాబ్, అంటే పోలీసు అధికారి, దాన్ని ఖూనీ కింద రాశాడు.

రుజువులు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. మొదటిది, బావ శవం మీద చేయిపెట్టి ఊరందరి ముందు "నేనే సంపిన" అన్నాడు. విన్నవాళ్లు గంపెడుమంది. రెండోది, తట్ట కట్టిన మోకు అమీన్ సాబ్‌కు దొరకలేదు, చితి మీద వేసి తానే కాల్చేశాడు. మూడోది, చచ్చిన మనిషి తలకు చుట్టుకునే రుమాలు ఇతని నడుముకు కట్టి దొరికింది. చంపి, మోకు మాయం చేసి, పైగా రుమాలు దోచుకున్నాడని సర్కారీ వకీలు చెబుతుంటే నాకు అసహ్యం వేసింది. ఆ మురికి పట్టిన ఎర్ర రుమాలును జడ్జి సాబ్ మేజా మీద పెట్టారు.

ముద్దాయి నల్లగా, గట్టిగా ఉన్న మనిషి. బోనులో నిలబడి ఆ రుమాలు వైపే చూస్తున్నాడు. నేను అడిగాను.

"నీ బామ్మర్దిని నువ్వు సంపినవా?"

"నేనే సంపిన దొరా."

గొంతు పెంచి రెండోసారి అడిగాను. అదే మాట. చెంబుతో నీళ్లిచ్చాను, తాగాడు. ఊరిపేరడిగాను, ఎడ్ల సంగతి అడిగాను. అతని భయం దిగిందనిపించాక మెల్లగా మూడోసారి అడిగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు వణకలేదు.

"నేనే సంపిన దొరా. కాదన."

కాకా సూత్రం ప్రకారం అయిపోయింది. ఇక్బాల్, అంటే నేరం ఒప్పుకున్నాడని జడ్జి సాబ్‌కు చెప్పాను. సర్కారీ వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ప్రాణం పోయిన కేసు కాబట్టి, ఒప్పుకున్నా సాక్షులను విచారించాలి. పాత జడ్జి ఉన్నప్పుడు అది మొక్కుబడిగా అయిపోయేది. "అన్నాడా?" "అన్నడు." తరువాతి సాక్షి. కానీ లాటిన్ సాబ్‌కు అతను చంపాడా లేదా అన్నదొక్కటే చాలదు కదా. ఏ రకంగా చంపాడో, దానికి తన మూడు పేర్లలో ఏది సరిపోతుందో తేలాలి. ఆ చాదస్తానికి ఆ రోజు మేమంతా లోలోపల విసుక్కున్నాం. ఆకలి వేళ అది.

బావులు తవ్వీ తవ్వీ వెన్ను వంగిపోయిన ముసలాయన సాక్షిగా వచ్చాడు. రాగానే "తప్పైంది దొరా" అన్నాడు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

"ఈయన సంపిన అని నీ ముంగట అన్నడా?"

"అన్నడు దొరా. పీనుగు మీద చెయ్యివెట్టి అన్నడు. ఊరంత ఇన్నది."

జడ్జి సాబ్ కలం ఎత్తి పట్టుకున్నారు. "అడగండి మున్షీ సాబ్. కోపంతో చంపాడా, ఏమరుపాటుతో చంపాడా?"

"పెద్దయ్యా, కోపం మీద సంపిండా, ఏమరుపాటున సంపిండా?"

ముసలాయన నా మొహం చూశాడు. జడ్జి సాబ్ మొహం చూశాడు. తనను ఆటపట్టిస్తున్నామని అనుకున్నట్టున్నాడు.

"ఎవలు సంపిండ్రు? ఎవల్ని?"

"ఇగో ఈయనే. ఈయన బామ్మర్దిని."

"అయ్యో, ఈయనెందుకు సంపుతడు దొరా! మోకు తెగింది. తట్ట మీద వడ్డది, పోరడు సచ్చిండు. గంతే."

ఉర్దూలో ఏం చెప్పాలో తోచక అలాగే నిలబడిపోయాను. జడ్జి సాబ్ "ఏమన్నాడు, ఏమన్నాడు?" అని మేజా మీద కొడుతున్నారు.

"మరి సంపిన అన్నడని నువ్వే చెప్తివి గదా!" అని అరిచాను. జడ్జి ముందు మున్షీ అరవకూడదు, ఆ సంగతి కూడా మరిచిపోయాను.

"అనాలె గద దొరా!"

ముసలాయనకు నా మీద జాలి కలిగినట్టుంది. చిన్నపిల్లలకు చెప్పినట్టు విడమర్చి చెప్పాడు.

"బాయిల దిగెటోడు తలకున్న రుమాలిప్పి మీదున్నోనికిస్తడు. 'నా పానం నీ నడుముకున్నది' అంటడు. మీదున్నోడు నడుముకు కట్టుకుంటడు. ఎక్కినంక మల్ల ఇచ్చేస్తడు. ఎక్కకుంటె, ఆ మోకు పట్టినోడే పీనుగు మీద చెయ్యివెట్టి 'నేనే సంపిన' అనాలె. అనకుంటె సచ్చినోడు దిక్కులేనోడైతడు. ఆ మోకు మల్ల బాయిల ఎయ్యొద్దు, కట్టెల మీదనే పోవాలె. ఏడాది మాసికం దాక రుమాలు ఇప్పొద్దు, ఎవలడిగినా కాదనొద్దు. మా తాతల కాడికెల్లి గిదే రివాజు. సర్కారుకు ఎర్క లేదా ఏంది?"

సర్కారుకు తెలియదు. అమీన్ సాబ్‌కు తెలియదు. వరంగల్లులో పుట్టి పెరిగి, వాళ్ల మాటే మాట్లాడతానని మురిసిపోయే నాకూ తెలియదు. ఒప్పుకోలు, మోకు, రుమాలు, మూడింటికి మూడూ అక్కడికక్కడే కూలిపోయాయి. ఊరివాళ్లు ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. అందరూ ఉన్నది ఉన్నట్టే చెప్పి ఒక మనిషిని ఉరికంబం దాకా తీసుకొచ్చారు. ఊరి పోలీసు పటేలును పిలిచి అడిగితే, "ఔను హుజూర్, మా దిక్కు గట్లనే" అని తల దించుకున్నాడు.

అంతలో ముసలాయన వరండా వైపు చేయి చూపాడు. "మమ్ముల అడుగుడెందుకు? గా పిల్ల బాయి గడ్డ మీదనే ఉండె."

ఒకామె. రోజూ సద్దిమూట ఒళ్లో పెట్టుకొని కచేరీ మెట్ల మీద కూర్చునేది. ముద్దాయి భార్య అని మాకు తెలుసు. చనిపోయిన పిల్లాడికి అక్క కూడా ఆమే కదా అన్నది మా ఎవరి బుర్రకూ ఎక్కలేదు. ఆమెను లోపలికి పిలిచారు. కొంగు నెత్తిమీదికి లాక్కొని బోనుకు దూరంగా నిలబడింది.

"నేను సద్ది తీస్కపోయిన అయ్యా. తట్ట సగం దాక ఎక్కింది. గిరక కాడ మోకు పట్టున తెగింది. ఈయన ఉరికొచ్చి పట్టుకోబోయిండు, శేతుల తోలూసిపోయింది. సూడుండ్రి."

జడ్జి సాబ్ అతన్ని చేతులు చాపమన్నారు. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా, తాడు మందాన, తెల్లగా మానిన మచ్చలున్నాయి. ఇన్ని రోజులుగా అతను చేతులు జోడించే నిలబడ్డాడు. జోడించిన చేతుల్లోపల ఏముందో మేము చూడలేదు.

"ఇదంతా అమీన్ సాబ్‌కు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆడిదాన్ని, నన్నెవలడిగిండ్రయ్యా?"

తీర్పు రోజు జడ్జి సాబ్ మొహం వెలిగిపోతోంది. ఆయన పేర్లలో ఒక పేరు అచ్చంగా సరిపోయింది. దోలుస్ లేదు, కుల్పా లేదు, కాసుస్. తీర్పు చదివి, "అతనికి చెప్పండి మున్షీ సాబ్. నీ తప్పు ఏమాత్రం లేదు, నువ్వు ఇంటికి పోవచ్చు" అన్నారు. నేను ఉషారుగా చెప్పాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా తర్జుమా చేసిన మాట ఇంకొకటి లేదు.

అతను కదల్లేదు.

"ఇనబడలేదా? ఇడిచిపెట్టిండ్రు. నీ తప్పు లేదన్నరు."

"ఇడిచిపెడితె పోత దొరా. గని తప్పు లేదని మాత్రం అనకుండ్రి."

ఉరి తప్పిన మనిషి కాళ్లు మొక్కుతాడనుకున్నాం. అతను మేజా మీది ఎర్ర రుమాలుకు దండం పెట్టి అన్నాడు:

"నా తప్పు లేదంటె గా రుమాలు నాది గాదు. రుమాలు నాది గాకుంటె వానికి మాసికం ఎవడు వెట్టాలె? పెండ్లి గాలె, పిల్లల్లేరు. వాడు పానం నా నడుముకు కట్టి దిగిండు దొరా. నా తప్పు లేదంటె వాడు ఎవని శేతుల సచ్చినట్టు?"

నేను తర్జుమా చేస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జడ్జి సాబ్ మొహంలో వెలుగు పోయింది. కలం కింద పెట్టారు, మళ్లీ తీసుకున్నారు, మళ్లీ పెట్టారు. ఆఖరికి కుర్చీలోంచి లేచి, రుమాలు తానే తీసి బోను దగ్గరికి వచ్చి అతని చేతుల్లో పెట్టారు. "కోర్టు నిన్ను వదిలేసింది. తప్పు సంగతి కోర్టు ఇంక ఏమీ మాట్లాడదు. అలా చెప్పండి" అన్నారు. అలాగే చెప్పాను. అతను రుమాలు నడుముకు బిగించి కట్టుకొని, అప్పుడు కాళ్లు మొక్కాడు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేదో! ఇంతవరకే చెప్పి మెప్పు పొందిన రోజులూ ఉన్నాయి.

వాళ్లు బయటికి పోతుంటే నేనూ వరండాలోకి వచ్చాను. ఆమె భర్తను ముందు నడవమని చెప్పి వెనక్కి వచ్చింది. సద్దిమూట విప్పి, రెండు జొన్నరొట్టెలు నా చేతిలో పెట్టింది.

"అయ్యా, గీ సాబ్ మంచోడున్నడు. మా మ్యానమామను గూడ జర ఇడువుమను."

"మీ మ్యానమామ ఎవరమ్మా?"

"మా అమ్మ తోడవుట్టినోడు. బాయి కాడనే అయ్యా, ఆయన మోకు పట్టంగ ఇంకోడు సచ్చిండు. గీ కచేరీకే తీస్కొచ్చిండ్రు. గట్లనే 'నేనే సంపిన' అన్నడట. మల్ల ఇంటికి రాలే. శాన ఎండకాలాలైంది." ఆమె ఇంకా దగ్గరికి వచ్చి, నాకేదో ఉపాయం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. "ఏడాది మాసికం ఎప్పుడో అయిపోయింది గద అయ్యా. ఇప్పుడడుగుండ్రి. ఇప్పుడైతె కాదంటడు. ఉన్నదున్నట్టు చెప్తడు."

చేతిలో రొట్టెలు అలాగే ఉన్నాయి. ఆ ఏడాదంతా ఆ మనిషి జైలు గోడల నడుమ నిజం దాచుకొని ఉన్నాడు. ఏడాది నిండిన రోజున నిజం చెప్పడానికి సిద్ధంగా కూర్చొని ఉంటాడు. అడగడానికి ఎవరూ పోలేదు. కేసు అయిపోయింది కదా.

లోపలికి పరుగెత్తి జడ్జి సాబ్‌కు చెప్పాను. ఆయన అప్పటికప్పుడు చప్రాసీని జైలుకు పంపారు. సాయంత్రం చాయ్ వేళకు జవాబు వచ్చింది. ఆ ఖైదీ ఉన్నమాట నిజమే. జన్మఖైదు. రెండు వానాకాలాల కింద జ్వరంతో పోయాడు. ఊరికి కబురు పంపినట్టు ఎవరికీ గుర్తులేదు.

"తీర్పు ఎవరిది?" అని జడ్జి సాబ్ అడిగారు. నాకంటే ముందునాటి జడ్జిదని చెప్పాను. "తర్జుమా ఎవరిది?" అన్నారు. పెద్దమున్షీ గారిదని చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి ఏదో అనబోయి పెదవులు మూసుకున్నారు. ఏ మాట కోసం వెతుకుతున్నారో నాకు తెలిసింది. అది నోట అనరాదని ఆయనే నాకు నేర్పారు. ఆ తర్వాత చాయ్ వేళ లాటిన్ ముచ్చట మళ్లీ రాలేదు.

ఆమె మెట్ల మీదే ఉంది. చెప్పాల్సినవాణ్ణి నేనే కదా, మాట మోయడమే నా కొలువు. చెప్పాను. ఆమె ఏడవలేదు. "పోయిననాడు నడుముకు రుమాలుండెనా అయ్యా?" అని అడిగింది.

రుజువు కింద తీసుకున్న రుమాలు ఏ కొట్టులో చివికిపోయిందో ఎవరికి తెలుసు? "ఉండెనమ్మా" అన్నాను. అది ఏ రకం తప్పో, దానికి ఏ భాషలో ఏ పేరుందో నేను ఎవరినీ అడగలేదు.

అక్కడి నుంచి మట్టెవాడకు నడుచుకుంటూ వచ్చాను. కాకా అరుగు మీద కూర్చొని విసనకర్రతో విసురుకుంటున్నారు. నన్ను చూసి, "ఏం బిడ్డా, మీ లాటిన్ సాబ్ ఇయ్యాల ఏం పేరు వెట్టిండు?" అని నవ్వారు. చెప్పొద్దనే అనుకుంటూ వచ్చాను. ఆ నవ్వు చూశాక దాచలేకపోయాను. బావి, మోకు, రుమాలు, రివాజు, ఆమె మేనమామ, జైలు నుంచి వచ్చిన జవాబు, అన్నీ చెప్పేశాను. ఆయనకు ఆ కేసు గుర్తుంది. ఆ మనిషికి తన కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది కూడా గుర్తుంది.

విసనకర్ర ఆగిపోయింది.

"మూడుసార్లు అడిగిన బిడ్డా" అన్నారు. కచేరీలో మాట్లాడినట్టే, నిటారుగా కూర్చొని, అందరికీ వినపడేలా అన్నారు.

ఆయన నా చేయి పట్టుకున్నారు. బోనులో నిలబడ్డవాడు కడ్డీని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "మూడుసార్లు అడిగిన గదరా?" అన్నారు, నేను ఆ రోజు అక్కడే ఉన్నట్టు.

లోపల్నుంచి కాకా భార్య దీపం పెడుతూ "ఎవరొచ్చిండ్రు?" అని అడిగింది. చాలాసేపటికి ఆయన తల వంచుకొని, అరుగు మీది రాయికి చెబుతున్నట్టు, నాకే సరిగా వినపడనంత మెల్లగా మళ్లీ అన్నారు.

"మూడుసార్లు అడిగిన."

కాకా పోయి చాలాకాలమైంది. ఆయన మంచితనం గురించి మట్టెవాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆ మాటలన్నీ నిజమే. మొదటిసారి అన్నది సలాం, రెండోసారి అన్నది భయం, మూడోసారి అన్నదే రాయాలని నాకు నేర్పింది ఆయనే. అందుకే ఆయన మూడోసారి అన్నది కూడా రాశాను.